ఇంటి పన్నులో బడి వాటా ఎంత?

*వీధిలో లైటు వెలగాలన్నా, మోరీ శుభ్రం కావాలన్నా ఊరివాళ్లు కట్టే పన్నే ఆధారం. మరి ఊరందరి ఉమ్మడి ఆస్తి అయిన సర్కారు బడికి ఆ పన్నులో ఖాయంగా రాసిపెట్టిన భాగం ఏదైనా ఉందా? తుంగతుర్తి నుంచి టెక్సస్‌ దాకా ఈ లెక్క ఎక్కడెలా ఉందో చూద్దాం.*

మార్చి వచ్చిందంటే పల్లెల్లో రెండు పరీక్షలు. పిల్లలకు పదో తరగతి పరీక్ష. పెద్దలకు పన్ను పరీక్ష. ఆర్థిక సంవత్సరం ముగిసేలోగా బకాయిలన్నీ వసూలు చేయాలంటూ పైనుంచి ఒత్తిడి. పంచాయతీ కార్యదర్శి, కారోబార్‌ కలిసి గడప గడపా తిరుగుతారు. ‘పోయినేడుది కూడా బాకీ ఉంది గదా’ అని వాళ్లు, ‘వడ్లు అమ్మినంక కడతాం’ అని వీళ్లు. సూర్యాపేట జిల్లా తుంగతుర్తి అయినా, పక్కనున్న నూతనకల్‌, మద్దిరాల అయినా ఈ తంతులో పెద్ద తేడా ఏమీ ఉండదు.

ఎలాగో పన్ను కట్టేస్తాం. రసీదు మడిచి ఏ బీరువాలోనో పడేస్తాం. దాన్ని తీరిగ్గా చదివేవాళ్లు ఎంతమంది? చదివితే ఓ చిత్రమైన సంగతి తెలుస్తుంది. అందులో ఇంటి పన్ను ఉంటుంది. నీటికి, వీధి దీపాలకు, మురుగు కాల్వలకు పద్దులుంటాయి. గ్రంథాలయ సెస్సు కూడా ఉంటుంది. బడి పేరుతో మాత్రం సాధారణంగా ఏ పద్దూ కనిపించదు.

బడి కప్పు కురుస్తోందని, ప్రహరీ లేదని, మరుగుదొడ్డికి తలుపు లేదని ఏటా జూన్‌లో వినిపించే ఫిర్యాదులకు మూలం వెతికితే చివరికి తేలేది ఈ లేని పద్దు దగ్గరే!

ఇంటికి లెక్క కట్టేదిలా...

ముందు పన్ను సంగతి. గ్రామ పంచాయతీకి ఇంటి పన్ను వేసే అధికారాన్ని ఇచ్చింది పంచాయతీరాజ్‌ చట్టం. ఉమ్మడి రాష్ట్రంలో 1994 నాటి చట్టం ఉండేది. తెలంగాణలో దాని స్థానంలో 2018 చట్టం వచ్చింది. పన్ను లెక్కకు రెండు దారులున్నాయి. ఇంటిని అద్దెకిస్తే ఏడాదికి ఎంత వస్తుందో అంచనా వేయడం ఒకటి. ఇల్లు, దాని కింద ఉన్న జాగా విలువను లెక్కగట్టడం రెండోది. ఇంటి వైశాల్యం, కప్పు తీరు (గుడిసా, రేకులా, పెంకులా, స్లాబా), ఇంటి వయసు ఈ లెక్కలోకి వస్తాయి. అలా తేలిన మొత్తాన్ని రిజిస్టర్లో రాస్తారు. కాదనుకుంటే యజమాని అభ్యంతరం చెప్పుకోవచ్చు.

వినడానికి బాగానే ఉంది. తిరకాసంతా రిజిస్టర్‌తోనే! ఒకప్పుడు పెంకుటిల్లు. దాన్ని కూల్చి రెండంతస్తుల మేడ కట్టారు. కింద రెండు మడిగెలు అద్దెకిచ్చారు. రిజిస్టర్లో మాత్రం అది ఇంకా పెంకుటిల్లే. మళ్లీ కొలతలు తీసేదాకా ఆ మేడకు పాత పన్నే. అదే వీధిలో నిన్నగాక మొన్న చిన్న స్లాబు ఇల్లు కట్టుకున్నవాళ్లకు కొత్త లెక్క. ‘మాకెందుకు ఎక్కువ?’ అని వాళ్లు అడిగితే తప్పేముంది? ఊళ్లో ఇంటి విలువలు ఎంత పెరిగినా పంచాయతీ రాబడి ఎదగకపోవడానికి ఇదో కారణం. విలువ పెంచితే ఓట్లు పోతాయన్న భయం ఇంకో కారణం.

పది అడుగులు వేస్తే పద్ధతే మారిపోతుంది. తుంగతుర్తి నియోజకవర్గంలోనే ఉన్న తిరుమలగిరి 2018లో పురపాలక సంఘమైంది. అక్కడ 2019 నాటి మున్సిపల్‌ చట్టం వర్తిస్తుంది. ఇంటి వివరాలను యజమానే స్వయంగా ప్రకటించి పన్ను లెక్కగట్టుకోవచ్చు. అబద్ధం చెబితే పన్నుకు 25 రెట్ల జరిమానా. 75 గజాల లోపు జాగాలో ఒక అంతస్తు వరకు ఇల్లు కట్టుకున్న పేదలకు ఏడాదికి 100 రూపాయలే పన్ను.

ఊరు ఏదైనా, పద్ధతి ఏదైనా, వచ్చిన డబ్బులో బడి వాటా ఎంత అన్న ప్రశ్న మాత్రం అలాగే ఉండిపోతుంది.

పుస్తకానికుంది... చెట్టుకుంది!

బడికి లేని అదృష్టం గ్రంథాలయానికి ఎలా దక్కింది? 1960 నాటి పౌర గ్రంథాలయాల చట్టం పుణ్యమది. ఇంటి పన్ను మీద రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సుగా వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకు జమ చేయాలి. అంటే వెయ్యి రూపాయల ఇంటి పన్ను కట్టే కుటుంబం 80 రూపాయలు పుస్తకాల కోసం ఇస్తున్నట్టే. పంచాయతీలు, మున్సిపాలిటీలు ఆ డబ్బు సకాలంలో జమ చేయడం లేదని గ్రంథాలయ సంస్థలు మొత్తుకోవడం మామూలే. అయినా అది తమ హక్కు అని గట్టిగా అడిగేందుకు వాళ్ల చేతిలో ఓ చట్టం ఉంది.

చెట్ల సంగతీ అంతే. తెలంగాణ 2018 పంచాయతీరాజ్‌ చట్టం పంచాయతీ బడ్జెట్‌లో 10 శాతం పచ్చదనానికే ఖర్చు పెట్టాలంది. ఊరూరా నర్సరీ అలాగే వచ్చింది.

పుస్తకానికి వాటా ఉంది. మొక్కకు వాటా ఉంది. ఆ పుస్తకం చదవడం, ఆ మొక్కకు నీళ్లు పోయడం నేర్పే బడికి మాత్రం అలా గీత గీసి ఇచ్చిన వాటా లేదు. అదీ సంగతి!

బోర్డు ఒకరిది... ఖర్చు ఇంకొకరిది

ఏ ఊరి బడి ముందైనా నిలబడి బోర్డు చదవండి. ప్రాథమిక పాఠశాల అయితే ‘మండల పరిషత్‌’. ఉన్నత పాఠశాల అయితే ‘జిల్లా పరిషత్‌’. ఈ పేర్ల వెనక ఓ చరిత్ర ఉంది. 1959 అక్టోబరు 11న అప్పటి ప్రధాని నెహ్రూ షాద్‌నగర్‌లో ఆంధ్రప్రదేశ్‌ పంచాయతీరాజ్‌ వ్యవస్థను ప్రారంభించారు. ప్రాథమిక బడులు సమితుల కిందికి, ఉన్నత పాఠశాలలు జిల్లా పరిషత్తుల కిందికి వచ్చాయి. 1980ల్లో ఎన్టీఆర్‌ హయాంలో సమితులు పోయి మండలాలు వచ్చాయి. బోర్డులు మారాయి. బడులను మోసేంత సొంత రాబడి మాత్రం మండలానికీ రాలేదు, జిల్లా పరిషత్‌కూ రాలేదు. ఇంటి పన్ను వసూలు చేసేది గ్రామ పంచాయతీ. బడి మీద పేరున్నది పై పరిషత్తులది. టీచర్ల జీతాలు ఇచ్చేది రాష్ట్ర ప్రభుత్వం. ముగ్గురు తల్లుల ముద్దుబిడ్డ అన్నమాట. ఆకలేస్తే ఎవరి దగ్గరికి వెళ్లాలో తెలియని బిడ్డ!

చట్టాల్లో మాత్రం స్థానిక సంస్థలకు బోలెడు బాధ్యత ఉంది. 73వ రాజ్యాంగ సవరణతో వచ్చిన 11వ షెడ్యూల్లోని 29 అంశాల్లో ప్రాథమిక, మాధ్యమిక విద్య ఒకటి. 2010 ఏప్రిల్‌ 1 నుంచి అమల్లోకి వచ్చిన విద్యాహక్కు చట్టం ఇంకో అడుగు ముందుకేసింది. బడి భవనం సహా వసతులు కల్పించడం ప్రభుత్వంతో పాటు స్థానిక సంస్థ విధి అని రాసింది. టీచరుకో తరగతి గది, ఆడపిల్లలకూ మగపిల్లలకూ వేర్వేరు మరుగుదొడ్లు, తాగునీరు, వంటగది, ఆటస్థలం, ప్రహరీ ఉండాలంది. విధి అయితే అప్పగించారు. దానికి తగ్గ డబ్బు సంచీ మాత్రం చేతికివ్వలేదు.

పంచాయతీకి వచ్చే కేంద్ర నిధులకూ పగ్గాలున్నాయి. 15వ ఆర్థిక సంఘం 2021-26 కాలానికి ఇచ్చిన గ్రాంట్లలో 60 శాతం తాగునీరు, పారిశుద్ధ్యం పనులకే వాడాలి. పైగా పాలకవర్గం లేకపోతే ఆ గ్రాంటుకే ఎసరు. 2024 ఫిబ్రవరి మొదట్లో తెలంగాణ సర్పంచుల పదవీకాలం ముగిసింది. 2025 డిసెంబరులో ఎన్నికలు జరిగేదాకా పల్లెల్లో ప్రత్యేకాధికారుల పాలనే నడిచింది. ఆ రెండేళ్లూ చాలా పంచాయతీలకు ఇంటి పన్నే పెద్ద దిక్కయింది.

పథకం వస్తే పండగ...

మరి ఇన్నాళ్లూ బడులు ఎవరు కట్టారు? పథకాలే కట్టాయి. 1987లో ‘ఆపరేషన్‌ బ్లాక్‌బోర్డ్‌’ వచ్చింది. ఆ తర్వాత 2001లో సర్వశిక్షా అభియాన్‌, 2009లో ఉన్నత పాఠశాలల కోసం ఆర్‌ఎంఎస్‌ఏ. ఇవన్నీ కలిపి 2018లో సమగ్ర శిక్ష అయ్యాయి. కేంద్రం 60, రాష్ట్రం 40 చొప్పున ఖర్చు పంచుకుంటాయి. ఎక్కడో నగరంలో ఉద్యోగి కట్టే ఆదాయపు పన్ను మీద వేసే విద్యా సెస్సు కూడా ఇందులోకే చేరుతుంది. 2004లో 2 శాతంతో మొదలైన ఆ సెస్సు 2018-19 నుంచి ఆరోగ్యాన్నీ కలుపుకొని 4 శాతమైంది.

తెలంగాణలో ఇటీవలి పెద్ద ప్రయత్నం ‘మన ఊరు - మన బడి’. 2022 మార్చి 8న వనపర్తిలో అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్‌ ప్రారంభించారు. మూడేళ్లలో 26,065 బడులను రూ.7,289.54 కోట్లతో బాగుచేయాలన్నది లక్ష్యం. మొదటి విడతలో 9,123 బడులు. నీళ్లతో మరుగుదొడ్లు, కరెంటు, బల్లలు, రంగులు, వంటగది, ప్రహరీ, కొత్త గదులు... మొత్తం 12 రకాల పనులు. కొన్ని బడులు కళకళలాడాయి. కొన్నిచోట్ల బిల్లులు రాక పనులు నడిమధ్యలో ఆగాయి. 2023 చివర్లో ప్రభుత్వం మారింది. 2024లో ‘అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు’ వచ్చాయి. మహిళా సంఘం అధ్యక్షురాలు, ప్రధానోపాధ్యాయుల ఆధ్వర్యంలో తాగునీరు, మరుగుదొడ్లు, చిన్నచిన్న మరమ్మతుల పనులు జరిగాయి. పక్క రాష్ట్రం ఆంధ్రప్రదేశ్‌లోనూ ఇదే వరస. 2019 నవంబరు 14న మొదలైన ‘నాడు-నేడు’లో తొలి విడతకు 15,715 బడులను ఎంచుకున్నారు.

ఏ పథకాన్నీ తీసిపారేయడానికి లేదు. ప్రతిదీ నాలుగు గదులు ఇచ్చి వెళ్లిందే. చిక్కల్లా ఒక్కటే. పథకం పెళ్లి భోజనం లాంటిది. వడ్డించిన రోజు ఘనంగానే ఉంటుంది. మర్నాటి నుంచి రోజువారీ కూడు ఎవరు పెట్టాలి? రంగులు వేసిన గోడకు మూడేళ్లకు మళ్లీ రంగు కావాలి. మరుగుదొడ్డి కట్టిన మర్నాటి నుంచే ఫినాయిలు కావాలి.

పిల్లలు తగ్గితే కప్పు కురవదా?

ఆ రోజువారీ ఖర్చుకు సమగ్ర శిక్ష నుంచి ఏడాదికోసారి వచ్చేది కాంపోజిట్‌ గ్రాంటు. అది పిల్లల సంఖ్యను బట్టి ఉంటుంది. 30 మంది వరకు ఉంటే రూ.10 వేలు. 100 మంది వరకు రూ.25 వేలు. 250 వరకు రూ.50 వేలు. వెయ్యి వరకు రూ.75 వేలు. ఆపైన లక్ష. సుద్దముక్కల నుంచి చిన్న మరమ్మతుల దాకా ఇందులోంచే. కనీసం పదో వంతు పరిశుభ్రతకు పెట్టాలి. 2024-25 విద్యా సంవత్సరంలో తెలంగాణ ప్రభుత్వం బడి ఊడ్చేందుకు, మరుగుదొడ్లు కడిగేందుకు విడిగా నెలకు రూ.3 వేల నుంచి రూ.20 వేల దాకా ఇవ్వడం మొదలుపెట్టాక కొంత ఊపిరాడింది.

అయితే వాన, హాజరుపట్టీ చూసి కురవదు కదా! 28 మంది పిల్లలున్న బడి స్లాబు, 90 మంది ఉన్న బడి స్లాబు ఒకేలా కారతాయి. కప్పు కారితే తల్లిదండ్రులు పిల్లల్ని ప్రైవేటు బస్సెక్కించి తిరుమలగిరికో సూర్యాపేటకో పంపుతారు. పిల్లలు తగ్గితే గ్రాంటు తగ్గుతుంది. గ్రాంటు తగ్గితే కప్పు ఇంకాస్త కారుతుంది. చివరికి మిగిలేది బస్సు ఫీజు కట్టలేని ఇళ్ల పిల్లలే. భవనం దెబ్బతిన్నప్పుడు ఆ దెబ్బ ఎవరికి తగులుతుందో వేరే చెప్పాలా?

నూటడెబ్భై ఏళ్ల కిందటి ముచ్చట

ఊరి పన్నుతో ఊరి బడి అన్నది తెలుగునేలకు కొత్త కాదు. 1850ల మధ్యలో గోదావరి ప్రాంతంలో ఓ ప్రయోగం జరిగింది. నర్సాపురంలో ఉన్న సబ్‌ కలెక్టర్‌ జి.ఎన్‌.టేలర్‌ చొరవతో రైతులు శిస్తుతో పాటు కొంత అదనంగా చెల్లించి పల్లెల్లో బడులు నడిపించుకున్నారు. వాటిని ‘రేట్‌ స్కూళ్లు’ అనేవారు. ఈ పద్ధతికి చట్టబద్ధత కల్పించేందుకే మద్రాసు ప్రభుత్వం 1863లో విద్యా చట్టం తెచ్చింది. 1920 నాటి మద్రాసు ప్రాథమిక విద్యా చట్టం మరో మెట్టు ఎక్కింది. స్థానిక సంస్థలు విద్యా పన్ను వేసుకోవచ్చు. దానికి తోడు ప్రభుత్వమూ తన వంతు కలపాలి. అప్పట్లో తుంగతుర్తి నిజాం రాజ్యంలో ఉంది కాబట్టి ఆ చట్టాల నీడ ఇటు పడలేదు. ఊరు కొంత, సర్కారు కొంత వేసుకుంటే బడి నిలబడుతుందన్న ఆలోచన మాత్రం అప్పటిదే.

అమెరికాలో అయితే...

మనవాళ్లు టెక్సస్‌లోని ఫ్రిస్కోలోనో న్యూజెర్సీలోని ఎడిసన్‌లోనో ఇల్లు కొనేముందు వంటగది కన్నా ముందు చూసేది ‘స్కూల్‌ డిస్ట్రిక్ట్‌’ ఎలాంటిదని. అక్కడ ప్రభుత్వ బడుల ఖర్చులో గణనీయమైన భాగం ఆ ప్రాంతపు ఇళ్ల మీద వేసే ఆస్తి పన్ను నుంచే వస్తుంది. కొత్త బడి కట్టాలంటే బాండ్లు జారీ చేయాలా వద్దా అని చాలాచోట్ల జనమే ఓటేస్తారు. ఆ అప్పును తర్వాత ఆస్తి పన్నుతో తీరుస్తారు.

బాగుంది కదా అనిపిస్తుంది. దాని రెండో ముఖం చూడాలంటే 1973 నాటి ‘రోడ్రిగ్జ్‌’ కేసు తెలుసుకోవాలి. టెక్సస్‌లోని శాన్‌ ఆంటోనియో నగరంలో ఎడ్జ్‌వుడ్‌ పేదల ప్రాంతం. అలమో హైట్స్‌ కలవారి ప్రాంతం. 1967-68లో ఎడ్జ్‌వుడ్‌ వాళ్లు ప్రతి 100 డాలర్ల ఆస్తి విలువకు 1.05 డాలర్లు పన్ను కట్టారు. పిల్లాడికి వచ్చింది 26 డాలర్లు. అలమో హైట్స్‌ వాళ్లు కట్టింది 85 సెంట్లే. పిల్లాడికి వచ్చింది 333 డాలర్లు! ఎక్కువ కట్టినవాళ్లకే తక్కువ దక్కింది. కారణం, ఇళ్ల విలువల్లో తేడా. ఎడ్జ్‌వుడ్‌ తల్లిదండ్రులు కోర్టుకెక్కారు. సుప్రీంకోర్టులో 5-4 తేడాతో ఓడిపోయారు. 1989లో టెక్సస్‌ రాష్ట్ర సుప్రీంకోర్టు మాత్రం ఈ పద్ధతి రాష్ట్ర రాజ్యాంగానికి విరుద్ధమంది. దాంతో 1993లో సంపన్న డిస్ట్రిక్టుల సొమ్ములో కొంత తీసి పేద డిస్ట్రిక్టులకు పంచే విధానం వచ్చింది. దానికి జనం పెట్టుకున్న పేరు ‘రాబిన్‌హుడ్‌’.

కట్టడానికి చాలదు... కాపాడుకోవడానికి చాలు

ఇప్పుడు తుంగతుర్తి లాంటి చోట ఈ లెక్కను వేసి చూద్దాం. ఉదాహరణకు వెయ్యి ఇళ్లున్న ఊరు. ఇంటికి సగటున వెయ్యి రూపాయల పన్ను. అంతా వసూలైతే 10 లక్షలు. ‘మన ఊరు - మన బడి’ అంచనాను బడుల సంఖ్యతో భాగిస్తే ఒక్కో బడికి సగటున దాదాపు 28 లక్షలు. అంటే వీధి దీపాలు ఆర్పేసి, ట్రాక్టర్‌ మూలన పెట్టి, మొత్తం ఇంటి పన్ను బడికే పోసినా మూడేళ్లు పడుతుంది. కాబట్టి ఊరి పన్నుతో బడి కట్టుకోమనడం అన్యాయం. అది పెద్ద ఖజానా చేయాల్సిన పని.

అదే ఊళ్లో గ్రంథాలయానికి ఇస్తున్నట్టే బడికీ రూపాయికి 8 పైసలు ఇస్తే? ఏడాదికి 80 వేలు. 200 మంది పిల్లలున్న బడికి వచ్చే కాంపోజిట్‌ గ్రాంటు 50 వేలే. అంటే ఈ చిన్న వాటా ఆ గ్రాంటు కన్నా ఎక్కువ. పగిలిన కుళాయి, ఊడిన తలుపు, కారే స్లాబు ఎప్పటికప్పుడు బాగుచేసుకోవడానికి సరిపోతుంది. చిన్న పగులును ఈ ఏడాదే పూడిస్తే పదేళ్ల తర్వాత కొత్త గది కట్టే ఖర్చు తప్పుతుంది.

అన్ని ఊళ్లూ ఒకటి కావు. 2018లో నాలుగు వేలకు పైగా కొత్త పంచాయతీలు ఏర్పడ్డాయి. వాటిలో తండాలూ ఉన్నాయి. 150 ఇళ్లు, ఇంటికి 500 రూపాయలు అనుకుంటే మొత్తం 75 వేలు. అందులో 8 శాతం అంటే 6 వేలు. దానితో ఏం చేస్తారు? తండా బడికి ఊరి బడితో సమానంగా అందాలంటే తక్కువపడింది రాష్ట్రమే కలపాలి. 1920 నాటి చట్టం చెప్పిందీ, టెక్సస్‌ చివరికి చేసిందీ ఇంచుమించు అదే.

లెక్క అడుగుదాం

లెక్క అడగడం ఈ గడ్డకు కొత్త కాదు. నిజాం కాలంలో వెట్టికీ, లెవీ ధాన్యానికీ ఎదురుతిరిగిన ప్రాంతమిది. సాయుధ పోరాట నాయకుడు భీమిరెడ్డి నర్సింహారెడ్డి, ఆయన చెల్లెలు మల్లు స్వరాజ్యం ఇక్కడివాళ్లే. స్వరాజ్యం 1978, 1983 ఎన్నికల్లో తుంగతుర్తి నుంచే శాసనసభకు వెళ్లారు.

చట్టం మారేదాకా ఆగనక్కర్లేదు. ఇప్పుడే చేయగలిగినవి ఉన్నాయి.

* తెలంగాణలో గ్రామసభ రెండు నెలలకోసారి జరగాలి. ఈ ఏడాది ఇంటి పన్ను ఎంత రావాలి, ఎంత వచ్చింది, బడి కోసం ఎంత ఖర్చయింది అని అక్కడ అడగొచ్చు.

* ఇంటి కొలతలు రిజిస్టర్లో సరిగ్గా ఉన్నాయో లేదో చూసుకోండి. ఎక్కువ పడితే అభ్యంతరం చెప్పండి. పెంకుటిల్లు పన్నుతో మేడ నడుస్తుంటే ఆ తేడా ఊరి బడికీ నష్టమే.

* విద్యాహక్కు చట్టం ప్రకారం పాఠశాల యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే. సభ్యుల్లో సగం మంది మహిళలు ఉండాలి. బడి అభివృద్ధి ప్రణాళిక తయారు చేయాల్సింది ఈ కమిటీయే. ఆ కాగితం ఉందా, అందులో ఏముందని అడగండి.

* కాంపోజిట్‌ గ్రాంటు ఎప్పుడొచ్చింది, దేనికి వాడారన్నది ప్రధానోపాధ్యాయుల దగ్గర ఉంటుంది. దొరక్కపోతే సమాచార హక్కు దరఖాస్తు ఉండనే ఉంది.

2025 డిసెంబరు ఎన్నికల్లో గెలిచిన కొత్త సర్పంచులు, వార్డు సభ్యుల ముందు ఐదేళ్ల కాలం ఉంది. పిల్లలు తక్కువైపోయారని బడికి తాళం వేశాక భవనం బాగుచేసి లాభం లేదు. పంచాయతీ బడ్జెట్‌ రాసే రోజున ‘బడి మరమ్మతులు’ అని ఒక్క వరుస రాయించగలిగితే, ఎంత చిన్న మొత్తమైనా, ఏటా అడగడానికి ఊరికి ఓ ఆధారం దొరుకుతుంది.